పలివెల దాకా నడపాల్సినవాడు

ఉదయం ఆరుంబావుకి మా వాకిట్లో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. తొంభై ఏడు జనవరిలో మాట. నేను అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. వచ్చింది ఒకప్పుడు మా నాన్నగారి బస్సు నడిపిన డ్రైవరు. నాన్నగారి కర్మకాండ అయ్యాక ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. చెప్పులు మెట్ల కింద విడిచి, పైకి ఎక్కకుండా అక్కడే నిలబడ్డాడు.

“బండి రోడ్డు మీంచి కనబడిపోతందండి బాబుగారండీ. షెడ్డు తుపానుకి పోయిందా అండి?”

“పోయింది. మూడు చెట్లు పడ్డాయి.”

“బండి మీద పడలేదు గదండి?”

“లేదు, పక్కగా పడ్డాయి.”

ఆయన ఊపిరి వదిలాడు. ఆ తుపానుకి మా కొబ్బరితోట సగం నేలపట్టింది. దాని గురించి ఆయన అడగలేదు.

ఆ బస్సు సంగతి చెప్పాలి. నాన్నగారు కొత్తపేట నుంచి అమలాపురానికి ప్రైవేటు బస్సు నడిపేవారు. ఇంగ్లండు నుంచి వచ్చిన చాసిస్, పెట్రోలు ఇంజను. పైన బాడీ అంతా చెక్క, మన వడ్రంగులు కట్టిందే. ఇంజను ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాని వెనక డ్రైవరు క్యాబిను, క్యాబినుకీ ప్రయాణికులకీ మధ్య ఒక చెక్క అడ్డు. రూటు ప్రభుత్వం చేతికి వెళ్లిపోయాక నాన్నగారు బస్సును తెచ్చి తోటలో తాటాకు షెడ్డు కింద పెట్టారు. అమ్మలేదు, నడపలేదు. ఇరవై ఏళ్లకు పైగా అది అక్కడే ఉంది. ఆయన పోయాక దాన్ని ఏం చెయ్యాలో నాకు తోచలేదు. షెడ్డు పడిపోయిన రెండు నెలల్లో పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

“బాగు చేస్తే నడుస్తుందంటారా?” అని అడిగాను.

“ఎందుకు నడవదండి? మనిషి కాదు గదండి, ముసలైపోయేనని మూల కూర్చోడానికి.”

“ఎవరు చేస్తారు?”

ఆయన నా వైపు చూశాడు. ఆ ప్రశ్న అడిగినందుకే నొచ్చుకున్నట్టున్నాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దగ్గర పడ్డాయి. నడిపిందీ ఆయనే, విప్పి బిగించిందీ ఆయనే. ఆ బస్సుకి వేరే మెకానిక్కు ఎప్పుడూ లేడు.

“కూలి మీ ఇష్టవండి. ఒక్కటి మటుకు ఉందండి. తయారయ్యాక పలివెల దాకా నేనే తోల్తానండి.”

ఎందుకో నాకు తెలుసు. ప్రైవేటు బస్సుల రోజుల్లో మా వైపు షెడ్లలో ఒక పద్ధతి ఉండేది. ఇంజను దింపినా, బ్రేకులు విప్పినా, మళ్లీ కట్టిన మనిషే మొదటిసారి బండి నడపాలి. ఖాళీ బండిని ఒక్కడే పలివెల గుడి దాకా తీసుకెళ్లి, కొబ్బరికాయ కొట్టి, తిరిగి తీసుకురావాలి. అప్పటిదాకా ఎవరూ ఎక్కకూడదు, ఓనరు కూడా. బ్రేకు పడకపోతే ముందు పోయేది దాన్ని కట్టినవాడే కావాలని. నాన్నగారు గేటు పక్కన నిలబడి బస్సు వెళ్లిపోవడం చూసేవారు. అది తిరిగొచ్చాకే లోపలికి వచ్చి భోజనానికి కూర్చునేవారు.

“అది వేరే చెప్పాలా? మీరు కాక ఇంకెవరు తోల్తారు?” అన్నాను. నేనన్న మాటలు అవే. మర్చిపోయి ఉంటే బాగుండేది, మర్చిపోలేదు.

ఇప్పుడు రాస్తూ ఆయన అంటున్నాను. మా ఇంట్లో ఆయన్ని ఎవరూ అలా అనేవారు కాదు. నా చిన్నతనంలో మా అందరికీ ఆయన “వాడు”. నేనూ “నువ్వు” అనే పిలిచేవాణ్ణి, ఆరేళ్ల వయసులో, నాకంటే పాతికేళ్లు పెద్దవాణ్ణి. కాలేజీలో పాఠం చెప్పడం మొదలుపెట్టాక “మీరు” అనడం అలవాటు చేసుకున్నాను. దానికి నాలో నేను కొంచెం గర్వపడ్డాను కూడా.

పని ఇరవై నెలలు పట్టింది.

ముందు ఇంజను. అది పూర్తిగా పట్టేసింది. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కిరసనాయిలూ డీజిలూ కలిపి పోసి వదిలేశాడు. రోజూ ఆరుంబావుకి వచ్చేవాడు. ముందు స్టార్టింగు హ్యాండిలు పెట్టి దాని మీద ఒళ్లంతా ఆనించి నిలబడేవాడు. తిప్పడానికి కాదు, ఊరికే బరువు వెయ్యడానికి. పావుగంట అలా నిలబడి, హ్యాండిలు తీసి, మరో పని చూసుకునేవాడు. పందొమ్మిదో రోజున అది బొటనవేలంత కదిలింది.

“పలికేడండి,” అన్నాడు. బస్సును ఆయన ఎప్పుడూ మగవాడిలాగే పిలిచేవాడు.

నాన్నగారి బీరువాలో ఆ బండికి వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఉండేది. సెలవు రోజుల్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని దాన్ని చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. ఆయన పని ఆపి, చేతులు తుడుచుకుని, శ్రద్ధగా వినేవాడు. “ఆయ్, ఆయ్” అనేవాడు. తర్వాత తన పద్ధతిలోనే చేసేవాడు.

“పుస్తకంలో అలా లేదు కదా?”

“పుస్తకం రాసినాయన మనోడిని ఎరగడు గదండి.”

బేరింగులు ఆయన చేతితోనే గీకాడు. ఆముదం దీపం మీద పట్టిన మసిని కొబ్బరినూనెలో రంగరించి ఇరుసుకి పల్చగా రాసేవాడు. బేరింగు బిగించి ఒక్క చుట్టు తిప్పి మళ్లీ విప్పేవాడు. నల్లగా అంటుకున్న చోటు ఎత్తుగా ఉన్నట్టు. పాత ఆకురాయిని సానపట్టి చేసుకున్న చిన్న ఉలితో ఆ నలుపును మాత్రం గీకేవాడు. మళ్లీ రాయడం, బిగించడం, విప్పడం. ఒక్కో బేరింగుకి ఆరేడు రోజులు. మసి పట్టి ఇచ్చేది మా ఆవిడ. “మన ఇంట్లో ఆడపిల్ల ఉంటే దాని కాటుక కూడా మీ ఇంజనుకే పోసేవారు,” అనేది. ఆయన నవ్వేవాడు గాని తలెత్తేవాడు కాదు.

క్యాబినుకి ఎక్కువ కాలం పట్టింది. నేల చెక్కలు చెదలు తినేశాయి. తలుపు కింది బద్దలు చేత్తో పట్టుకుంటే పొడి అయ్యాయి. సీటులో కొబ్బరిపీచు ఎలకలు లాగేసుకున్నాయి. గోదావరి లంకల్లో పడవలు కట్టే వడ్రంగి ఒకతన్ని ఆయనే తీసుకొచ్చాడు. కుళ్లిన ముక్క ఒక్కటి కూడా పారెయ్యనివ్వలేదు. విప్పినవి విప్పినట్టు తాటాకు చాప మీద వరసగా పేర్చి, ఒక్కొక్కదానికీ కొత్తది కోయించి, పక్కన పెట్టి కొలిచి, అప్పుడు పాతది తీసేవాడు. ముందు అద్దం రెండు పలకలు. ఎండాకాలం గాలి కోసం పైపలకని బయటికి ఎత్తి పెట్టుకోవచ్చు. దాని ఇత్తడి మడతబందులు చింతపండుతో తోమి, ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి చూసుకున్నాడు. కారుతున్న రేడియేటరుకి అమలాపురంలో గిన్నెలకి కళాయి వేసే అతని చేత అతుకులు వేయించాడు.

నేను ఒక నోటుబుక్కులో ఇదంతా రాసుకునేవాణ్ణి. తేదీ, చేసిన పని, కావలసిన సామాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. తిరగేస్తే ప్రతి పేజీలోనూ “విప్పాము, గీకాము, బిగించాము” అని ఉంటుంది. నేను విప్పింది ఏదీ లేదు.

తొంభై ఎనిమిది వేసవిలో ఇంజను తిరిగింది. తోట మొదట్లో కొబ్బరి దింపుతున్నవాళ్లు పని ఆపి పరుగెత్తుకొచ్చారు. అప్పటినుంచి నాలో ఏదో మారింది. కాలేజీలో అందరికీ చెప్పాను. సాటి లెక్చరర్లు చూడ్డానికి వచ్చేవారు. “మీరే చేశారా?” అంటే, “దగ్గరుండి చేయించాను,” అనేవాణ్ణి. కొన్నాళ్లకి “చేశాను” అనడం మొదలుపెట్టాను.

ముహూర్తం దసరాకి పెట్టుకున్నాం. నాన్నగారు బస్సు షెడ్డులో ఉన్నా ప్రతి దసరాకీ దానికి పూజ చేసి దండ వేసేవారు. ఈసారి పూజ చేసి పలివెల వెళ్లాలని. నేను ప్రిన్సిపాలుగారిని పిలిచాను, బంధువుల్ని పిలిచాను. అమలాపురం నుంచి ఒక విలేఖరి ఫొటోగ్రాఫరుతో వస్తానన్నాడు.

ఆ వారమే నా ఆలోచన పక్కకి తిరిగింది. ఆయనకి ఎడమకాలు పొట్టి. నేను చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు, బస్సు కింద పడుకుని పనిచేస్తుంటే జాకీ జారి మోకాలి కింద ఎముక విరిగింది. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సింది. శివరాత్రి ముందు రోజులు, బస్సుకి గిరాకీ. నాన్నగారు దగ్గర ఊళ్లో ఎముకలు కట్టే అతని చేత కట్టు కట్టించారు. కాలు రెండంగుళాలు కురచగా అతుక్కుంది. మోకాలు పూర్తిగా వంగదు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఆ కాలితోనే ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ బస్సు నడిపాడు.

ఆయనకి లైసెన్సు కాలం చెల్లిపోయి చాలా రోజులైంది. చూపు మందగించింది. ఈ రెండూ నిజమే. నేను మా ఆవిడతో చెప్పిన కారణాలూ ఇవే. అసలు కారణం ఫొటో. మోకాళ్ల పైకి మడిచిన లుంగీ, మసి చొక్కా, కుంటి నడక. ప్రిన్సిపాలుగారి ముందు ఆయన అలా క్యాబిను ఎక్కడం నేను ఊహించుకున్నాను, నాకు నచ్చలేదు. ఎవరూ నాకు చెప్పలేదు. నేనే అనుకున్నాను. మా ఊళ్లో ప్రభుత్వ బస్సు డ్రైవరు ఒకతను ఉన్నాడు, పొడుగరి, చూడ్డానికి బాగుంటాడు. సెలవు పెట్టి, ఖాకీ బట్టల్లో రమ్మని అడిగాను. ఆయనకి మాత్రం ముందు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక, ఆ రోజు చూసుకుందాం అనుకున్నాను.

దసరా నాడు ఆయన తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా. ఆ బట్టల్లో నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ పంచె చూసి కూడా నేను మనసు మార్చుకోలేదు.

పూజ అయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. హ్యాండిలు తిప్పమని ఆయన్నే అడిగాను, ఆ కిటుకు ఆయనకే తెలుసు గనక. పంచె ఎగ్గట్టి మూడోసారికి స్టార్టు చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. హ్యాండిలు కింద పెట్టి, నుదురు తుడుచుకుని, క్యాబిను తలుపు దగ్గరికి వచ్చాడు. నేను తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. అవతలి తలుపులోంచి ఖాకీ డ్రైవరు అప్పటికే ఎక్కుతున్నాడు.

“ఇవాళ అతను తీసుకెళ్తాడు లెండి. మీకు లైసెన్సు లేదు కదా, జనం ఉన్నారు, దారిలో ఎవరైనా అడిగితే బాగుండదు.”

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఒకసారి నా వైపు, ఒకసారి లోపలికి చూశాడు.

“ఆయ్. అలాగేనండి. ఒక్క మాటండి, క్లచ్చి దగ్గర…”

“తర్వాత మాట్లాడదాం.”

“అది గాదండి బాబుగారండీ, ఆ కింద…”

“తర్వాతన్నానా?”

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. నేను ప్రిన్సిపాలుగారి పక్కకి వెళ్లి ఫొటోకి నిలబడ్డాను.

ఫొటో తీశాక ఖాకీ డ్రైవరు గేరు వేశాడు. బస్సు కొంచెం వణికి, ఒక్కసారిగా ముందుకి దూకింది. నిమ్మకాయలు చితికాయి. జనం రెండు వైపులకీ విడిపోయారు. బస్సు వాకిలి దాటి, ఒలవడానికి పోగుపెట్టిన కొబ్బరికాయల మీంచి వెళ్లి, ముందు చక్రాలు రెండూ పొలాలకి నీళ్లు పారే పంటబోదెలోకి దిగి ఆగింది. రేడియేటరు గట్టుకి కొట్టుకుంది. మడ్‌గార్డు వంగింది. అద్దం పైపలక పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాసేపటికి ఎవరో నవ్వారు. “మేస్టారూ, పలివెల వచ్చేసిందేంటండీ అప్పుడే?” అన్నారు. అందరూ నవ్వారు. ప్రిన్సిపాలుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

నేను ఆయన దగ్గరికి వెళ్లాను.

“ఏం కట్టేవు నువ్వు క్లచ్చి? ఇరవై నెలలు ఏం చేసేవు? కళ్లు కనబడకపోతే కనబడవని చెప్పొచ్చుగా? పదిమందిలో నా పరువు తీసేవు.”

నువ్వు అన్నానని నాకు తర్వాతగానీ తెలియలేదు. ఎన్నో ఏళ్లు అలవాటు చేసుకున్న మర్యాద అర నిమిషంలో పోయింది.

“ఆయ్,” అన్నాడు. “తప్పయిపోయిందండి.”

బోదె దగ్గరికి నడిచాడు. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. క్యాబినులోకి వంగి దాన్ని ఆపాడు. రేడియేటరు కింద చెయ్యి పెట్టి, కారుతున్న నీళ్లు చూసుకున్నాడు. తర్వాత సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పలేదు, నేనూ ఆపలేదు.

అరగంట తర్వాత జనం పల్చబడ్డాక ఖాకీ డ్రైవరు నన్ను పిలిచాడు. క్యాబిను తలుపు తీసి కింద చూపించాడు.

“మేస్టారండీ, ఇదిగో ఇది చూడండి. క్లచ్చి పెడలు మీద చెక్క బిగించేరండి, రెండంగుళాలు. సీటు కూడా ముందుకి జరిపి, ఎడంపక్క ఎత్తు పెట్టేరు. నేను కూర్చుంటే మోకాలు స్టీరింగుకి తగిలేస్తందండి. సగం వదిలేప్పటికి కాలు చెక్క మీంచి జారిపోయింది. నా తప్పు కూడా ఉందనుకోండి, ఎక్కగానే చూసుకోవాల్సింది.”

“పనిలో తేడా ఏమీ లేదా?”

“పనా అండి? మా డిపోలో ఇలాటి పని చేసేవాళ్లు లేరండి. క్లచ్చి వెన్నలాగుంది. ఇది ఎవరో కురచకాలాయన తన కొలతకి కట్టుకున్నాడండి, అంతే.”

అప్పటికి టైము పది అయి ఉంటుంది. అంటే ఆ రోజు పది గంటలకే నాకు నిజం తెలుసు. ఆయన ఇల్లు మా ఇంటికి మైలు దూరం కూడా లేదు. నేను వెళ్లలేదు.

మర్నాడు వెళ్దామనుకున్నాను. మర్నాడు పేపరు వచ్చింది. బోదెలో పడ్డ సంగతి రాయలేదు, ఆ విలేఖరి మర్యాదస్తుడు. పూజ ఫొటో వేసి, పాతకాలపు బస్సుకు స్వయంగా ప్రాణం పోసిన లెక్చరరు అని రాశాడు. ఆ పేపరు ఆయన చూసే ఉంటాడు, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్లడం, అనుకున్నాను. విలేఖరికి ఒక కార్డు ముక్క రాసి సరిదిద్దవచ్చు. అదీ చెయ్యలేదు. ట్రాక్టరు కట్టి బస్సును లాగించి, కొత్తగా వేసిన రేకుల షెడ్డులో పెట్టించాను.

మా ఆవిడ నాలుగు రోజులకోసారి గుర్తు చేసేది. “ఒక్కసారి వెళ్లి కనిపించి రండి.”

“వెళ్తాను.”

“రోజూ పుస్తకాల కోసం కొత్తపేట లైబ్రరీకి వెళ్తారు. ఆ కాలవ వంతెన దాటి నాలుగిళ్లు వెళ్లలేరా?”

నిజమే, రోజూ వెళ్లేవాణ్ణి. ఇలాంటి యజమానుల గురించి, ఇలా నోరు మూసుకున్న పనివాళ్ల గురించి పుస్తకాల్లో చాలా చదివాను. నా సొంత పుస్తకాల్లో అలాంటి చోట్ల మార్జిన్లో పెన్సిలు గీతలు కూడా ఉన్నాయి.

మార్గశిరంలో ఒక ఆదివారం బయలుదేరాను. వంతెన దాటి సందు మలుపు తిరిగేసరికి ఆయన ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, మంచం పట్టె పట్టుకుని గబగబా లేచాడు. ఆయన అలా లేవడం చూసి, దారంతా కూడదీసుకున్న మాటలు పోయాయి.

“బాబుగారండీ! ఇటొచ్చేరేంటండీ?”

“ఆ పక్క తోటలో దింపు ఉందన్నారు. చూద్దామని.”

ఆ పక్కన మాకు తోట లేదు. ఆయనకి ఆ సంగతి తెలుసు.

“ఆయ్. వెళ్లండి, వెళ్లండి. ఎండ ఎక్కేస్తది,” అన్నాడు. రెండడుగులు వేశాక వెనకనుంచి అడిగాడు, “బండెలా ఉందండి?”

“బాగానే ఉంది.”

“రేడియేటరుకి కింద అతుకు ఊడుంటాదండి. పెద్ద పని కాదండి అది. ఒక్క పూటండి.”

అది అడగడమే. నన్ను రమ్మనండి అని అంతకంటే తేటగా ఆయన ఎలా అడుగుతాడు? “చూద్దాం లెండి,” అని నడిచాను. చాలా దూరం చుట్టు తిరిగి, మళ్లీ ఆ సందులోంచి రాకుండా, కాలవగట్టు మీంచి ఇంటికి చేరాను. మా ఆవిడ అడిగితే ఇంట్లో లేడని చెప్పాను.

తర్వాతి వానాకాలంలో ఆయన పోయాడు. జ్వరం అన్నారు. కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరో చెప్పారు. దహనం అప్పటికే అయిపోయింది. మూడో రోజున వెళ్లాను. ఈసారి దారిలో ఎక్కడా ఆగలేదు. వెళ్లడానికి ఇబ్బంది ఏమీ అనిపించలేదు కూడా. అది గమనించి ఇంకా సిగ్గుపడ్డాను.

ఆయన భార్య నన్ను చూసి కంగారుపడింది. “మీరు రావడమేంటండీ బాబుగారండీ, ఈ బురదలో? కబురెడితే నేనే వద్దును గదండి.” పక్కింటి నుంచి కుర్చీ తెప్పించింది. నేను కూర్చోలేదు, ఆమె బలవంతం చేస్తే కూర్చున్నాను.

“దసరా నాడు ఇంటికొచ్చి అన్నం తినలేదండి,” అంది. నేను అడగకుండానే చెప్పింది. “ఏమయ్యిందయ్యా అంటే, బండి దూకింది గాని ఇంజను ఆగలేదే అన్నాడండి. అంత దెబ్బకీ ఆగలేదే అని నాలుగుసార్లు అన్నాడండి. మీ మీద ఏమీ అనలేదండి. తప్పు నాదే, పలివెల నించి వచ్చేక ఆ చెక్క తీసేద్దామనుకున్నాను, ముందే చెప్పాల్సింది అన్నాడు.”

“చెప్పబోయాడు,” అన్నాను. “నేనే చెప్పనివ్వలేదు… వినలేదు.”

ఆమెకి అది వినబడిందో లేదో. “మర్నాడు పేపరు తెచ్చి అందరికీ చూపించేడండి. ఇది మా బండే, నేను కట్టిందే అని. ఇరవై రోజులు, నెల్లాళ్లు, పొద్దున్నే లేచి స్పానర్ల సంచి సైకిలుకి తగిలించుకుని కూర్చునేవాడండి. బోదెలోంచి తీసేక కబురంపుతారే, రేడియేటరు నేను తప్ప ఎవరూ ముట్టుకోలేరు అని. తొమ్మిదయ్యేక సంచి దింపేసుకునేవాడు. ఒకనాడు నేనే అన్నానండి, పిలవకపోతే నువ్వే వెళ్లొచ్చుగా అని. తప్పు చేసినోణ్ణి, పిలవకుండా ఎలా వెళ్తానే అన్నాడు.”

నేను లేచి నిలబడ్డాను. “తప్పు ఆయనది కాదమ్మా. నాది. ఆ రోజే తెలుసు నాకు.”

“అయ్యో, అలాగనకండి బాబుగారండీ,” అని ఆమె మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లిపోయింది. నేను చెప్పిన మాట అక్కడ తీసుకునేవాళ్లు లేరు. నీళ్లు తాగి వచ్చేశాను.

ఆ ఏడు దసరాకి మా ఆవిడ పళ్లెంలో పసుపూ కుంకుమా కర్పూరం సర్ది అరుగు మీద పెట్టింది. నేను షెడ్డు వైపు వెళ్లలేదు. మధ్యాహ్నం దాకా చూసి, పళ్లెం లోపలికి తీసుకెళ్లిపోయింది.

రెండువేల ఐదులో రాజోలు వైపు ఒక హోటలు కట్టుకుంటున్నతను వచ్చి బస్సు అడిగాడు. ముందర పెడితే జనం ఆగి చూస్తారని. క్యాబినులోకి ఎక్కి కూర్చుని, “ఈ చెక్కేంటి సార్ ఇక్కడ, అడ్డంగా? తీయించేస్తే సరిపోతుంది,” అన్నాడు. ఇవ్వనని చెప్పాను. నాకు బస్సు మీద ప్రేమ అనుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. అతనికి ఆ చెక్క ఎవరిదో చెప్పి ఉండాల్సింది. అప్పుడు కూడా చెప్పలేదు. ఇక్కడ రాయడమే మొదలు.

రేడియేటరు అతుకు అలాగే ఊడి ఉంది. ఆ తర్వాత మాకు స్కూటరు వచ్చింది, ట్రాక్టరు వచ్చింది, కారు వచ్చింది. ఊళ్లో అందరూ దసరాకి బళ్లు కడిగి, దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. మా ఇంట్లో బళ్లకి పూజ చెయ్యరు.